విశ్వాసం ఉంటే చాలు కదా, మరి బాప్తిస్మం, ప్రభు బల్ల ఎందుకు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మూడేళ్లుగా క్రీస్తును నమ్ముతున్నారు, రోజూ వాక్యం చదువుతున్నారు, ప్రార్థిస్తున్నారు. బాప్తిస్మం మాత్రం ఇంకా తీసుకోలేదు. ఆదివారం ఆరాధన ఎక్కువగా ఫోనులోనే చూస్తారు. ప్రభు బల్ల కోసం ఇంట్లోనే రొట్టె, ద్రాక్షారసం సిద్ధం చేసుకుని మీ అంతట మీరే తీసుకుంటే తప్పేమిటని అడిగారు. కృపచేత విశ్వాసం ద్వారానే రక్షణ అయినప్పుడు, ఈ నియమాలు శిష్యుడికి అదనంగా ఇచ్చేది ఏమిటన్నది మీ అసలు సందేహం. చివర్లో ఇంకో వాక్యం చేర్చారు: "నాకింకా అర్హత రాలేదనిపిస్తోంది." మీ సందేహానికి వేరు ఆ చివరి వాక్యంలోనే ఉందని నాకు అనిపించింది. దాని గురించే ఎక్కువ రాస్తాను.

ముందు సూటిగా జవాబు. బాప్తిస్మపు నీళ్లు ఎవరినీ రక్షించవు, ప్రభు బల్లలోని రొట్టె ఎవరి పాపాన్నీ తీసివేయదు. అయినా ఈ రెండూ లేని శిష్యత్వాన్ని కొత్త నిబంధన మామూలు సంగతిగా ఎక్కడా చూపించదు. ప్రార్థన ఒంటరిగా చేసుకోవచ్చు, వాక్యం ఒంటరిగా చదువుకోవచ్చు, ఉపవాసం ఎవరికీ తెలియకుండా ఉండవచ్చు. ఈ రెండు మాత్రం మరొకరి చేతి నుంచి అందుకోవలసినవి. నమ్మిన మనిషిని తీసుకొచ్చి నమ్మిన మనుషుల మధ్య నిలబెట్టడమే వాటి పని.

నేను ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నానో కూడా చెప్పాలి. నేను బాప్టిస్టు సంప్రదాయంలో సంఘ పెద్దను. బాప్తిస్మానికి సిద్ధపడేవారికి పాఠాలు చెప్పడం, వారితో విడిగా కూర్చుని మాట్లాడటం చాలా ఏళ్లుగా నా బాధ్యత. నా సమాధానంలో ఆ ఛాయ తప్పకుండా ఉంటుంది. కతోలిక సంఘం ఏడు సంస్కారాలను పాటిస్తుంది; ట్రెంట్ మహాసభ 1547లో ఆ ఏడింటినీ గట్టిగా ప్రకటించింది. సంస్కరణోద్యమం నుంచి వచ్చిన సంఘాలు చాలావరకు, క్రీస్తు నోట ఆజ్ఞగా వెలువడిన రెండింటినే ఉంచుకున్నాయి. మెన్నొనైట్లలో (నమ్మిన పెద్దలకే బాప్తిస్మమిచ్చేవారు) కొన్ని సంఘాలు యోహాను సువార్త 13వ అధ్యాయాన్ని బట్టి పాదాలు కడగడాన్ని కూడా పాటిస్తాయి. క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారు నీటి బాప్తిస్మమూ ఇవ్వరు, రొట్టె కూడా విరవరు. సాల్వేషన్ ఆర్మీ 1883లో రెండింటినీ విడిచిపెట్టింది. వారిలో నాకంటే ఎన్నో రెట్లు త్యాగంతో బతికినవారు ఉన్నారు. అందుకే "ఇవి లేకపోతే రక్షణ లేదు" అనే మాట నా నోట రాదు. సిలువ మీద దొంగకు బాప్తిస్మం ఎవరిచ్చారు? రోమా శతాధిపతి కొర్నేలీ ఇంట్లో పరిశుద్ధాత్మ ముందు దిగాడు, నీళ్లు తర్వాత వచ్చాయి. సమరయలో గారడీ చేసే సీమోను బాప్తిస్మం తీసుకున్నాడు గానీ, అతని హృదయం దేవుని యెదుట సరిగా లేదని పేతురు మొహం మీదే చెప్పాడు.

అయితే "రక్షణకు అవసరం లేదు" అన్నంత మాత్రాన "శిష్యుడికి అవసరం లేదు" అని తేలదు. ఇక్కడే చాలామంది తడబడతారు.

మత్తయి సువార్త చివర్లో ప్రభువు ఇచ్చిన ఆజ్ఞను ఒకసారి తెరిచి చూడండి. సమస్త జనులను శిష్యులనుగా చేయమన్నాడు. ఎలా? బాప్తిస్మమిస్తూ, తాను ఆజ్ఞాపించిన వాటన్నిటినీ గైకొనడం నేర్పిస్తూ. మొదట నీళ్లు, ఆ తర్వాత జీవితాంతం సాగే నేర్చుకోవడం. మనం ఈ వరుసను తలకిందులు చేశాం. అన్నీ నేర్చుకోవాలి, అన్నీ మానేయాలి, అప్పుడు బాప్తిస్మం అంటున్నాం. పెంతెకొస్తు దినాన వాక్యం అంగీకరించిన ఇంచుమించు 3,000 మంది అదే రోజు బాప్తిస్మం పొందారు. ఐతియొపీయుడైన అధికారి దారిలో నీళ్లు కనబడగానే "నాకు బాప్తిస్మమిచ్చుటకు ఆటంకమేమి" అని అడిగాడు. ఫిలిప్పీ చెరసాల నాయకుడు తెల్లవారే దాకా కూడా ఆగలేదు. వీరిలో ఎవరూ ఆ రోజుకు పరిపూర్ణులు కారు. చెరసాల నాయకుడైతే కొద్దిసేపటి ముందు కత్తి దూసి తనను తాను పొడుచుకోబోయినవాడు.

తర్వాతి తరాల్లో సిద్ధపాటు పెరిగింది. డిడాకే అనే తొలినాటి క్రైస్తవ రచన, బాప్తిస్మం తీసుకునేవారు ఒకటి రెండు రోజులు ఉపవాసం ఉండాలంటుంది. పారే నీరు లేకపోతే వేరే నీరు, చల్లనిది కుదరకపోతే వెచ్చనిది, రెండూ చాలినంత లేకపోతే తల మీద మూడుసార్లు పోయమంటుంది. ఆ పట్టువిడుపు నాకు చాలా ఇష్టం. హిప్పొలితు పేరుతో వాడుకలో ఉన్న 'అపొస్తలుల సంప్రదాయం' అనే తొలినాటి సంఘ నియమాల పుస్తకం మూడేళ్లు వాక్యం వినాలంటుంది. అంటూనే, ఆసక్తి ఉండి పట్టుదలగా సాగేవారి విషయంలో కాలాన్ని కాదు, నడతను చూడమని కూడా చెబుతుంది. విగ్రహారాధన మధ్య నుంచి, హింస ముంచుకొచ్చే రోజుల్లో వచ్చిన మనుషులకు ఆ జాగ్రత్త అవసరమే. మా సంఘంలో కొన్ని వారాల పాఠాలు ఉంటాయి, ఆ తర్వాత ఒక సంభాషణ. అది పరీక్ష కాదు. పది ఆజ్ఞలను వరుస తప్పకుండా అప్పజెప్పమని ఎవరినీ అడగను. "క్రీస్తు మీకు ఎవరు? ఆయనను వెంబడిస్తే మీ ఇంట్లో, మీ పనిలో ఏది మారాలి?" అని అడుగుతాను. రెండో ప్రశ్నకు వచ్చే జవాబును శ్రద్ధగా వింటాను.

ఆ సంభాషణల్లో రెండు రకాల మనుషులు కనిపిస్తుంటారు. ఒకాయన సిగరెట్ మానేశాక తీసుకుంటానంటూ ఏళ్ల తరబడి వాయిదా వేశాడు. మానడానికి ఎవరి సాయమైనా అడిగారా అంటే, సంఘంలో ఎవరికీ చెప్పనే లేదన్నాడు. తన బలహీనత బయటపడకుండా బాగుపడి, ఆ తర్వాత అందరి ముందుకు రావాలన్నది ఆయన ఆలోచన. బాప్తిస్మం తర్వాత ఆ అలవాటు వెంటనే పోలేదు, ఆ మాట దాచను. కాని ఇద్దరు సహోదరులు సాయంత్రం వేళ ఫోను చేసి పలకరించడం మొదలుపెట్టారు. మధ్యలో పడ్డాడు, లేచాడు, చివరికి మానాడు. అర్హత వచ్చాక అనే ఆలోచన పాతదే. నాలుగో శతాబ్దంలో, బాప్తిస్మం తర్వాత పాపం చేస్తే ఎలా అన్న భయంతో చాలామంది దాన్ని ముసలితనం దాకా వాయిదా వేసేవారు. కాన్‌స్టంటైన్ చక్రవర్తి బాప్తిస్మం పొందింది 337లో, మరణశయ్య మీద. అలా వాయిదా వేసినవారికి శిష్యుడిగా బతకడానికి మిగిలిన రోజులెన్ని?

రెండో రకం ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. ఒక యువకుడు వచ్చి, పెళ్లి చర్చిలో జరగాలంటే బాప్తిస్మ పత్రం కావాలన్నారని, నెలాఖరులోపు ఇవ్వగలరా అని అడిగాడు. క్రీస్తు గురించి అడిగితే "నాకు ఆయనతో పెద్దగా పని లేదండీ, అమ్మాయి వాళ్లు అడిగారు" అన్నాడు. నిజాయతీగా చెప్పినందుకు మెచ్చుకుని, ఇవ్వలేమని చెప్పాను. కోపంగా వెళ్లిపోయాడు. ఇందులో నాకు ఏ సందిగ్ధమూ లేదు. నమ్మని మనిషిని నీళ్లలో ముంచితే, నమ్మానని అతని చేత అబద్ధం ఆడించినట్టే.

ఇక నీళ్ల విషయం. మేము ముంచి ఇస్తాం. నడుము లోతు నీళ్లలో నిలబడి, బాప్తిస్మం తీసుకునే వ్యక్తి రెండు చేతులూ గుండెల మీద కట్టుకుంటారు. నేను ఒక చేత్తో వారి చేతులు పట్టుకుని, రెండో చేతిని భుజాల వెనక ఆనించి వెనక్కి వాలుస్తాను. సరిగ్గా అప్పుడు దాదాపు అందరూ ఒకే పని చేస్తారు: ఒళ్లు బిగబట్టి, ఒక కాలు నేలకు తన్నిపెట్టి తమను తామే ఆపుకోబోతారు. అందుకే ముందు రోజు పొడి నేల మీద నిలబెట్టి నేర్పుతాం. మోకాళ్లు కాస్త వంచండి, బరువంతా నా చేతి మీద వదిలేయండి, లేపడం నా పని అని చెబుతాం. రోమా పత్రిక ఆరో అధ్యాయంలో పౌలు, బాప్తిస్మంలో క్రీస్తుతో కూడా పాతిపెట్టబడ్డాం అంటాడు. తనను తాను పాతిపెట్టుకునే మనిషి ఎక్కడా ఉండడు, తనంతట తాను సమాధిలోంచి లేచేవాడూ ఉండడు. ఆ అధ్యాయం మీద నేను చెప్పే పాఠం కంటే, ఆ ఒక్క క్షణం వాళ్లకు ఎక్కువ బోధిస్తుంది.

చరిత్రలో ఒకాయన తనకు తానే బాప్తిస్మం ఇచ్చుకున్నాడు కూడా. జాన్ స్మిత్ అనే ఇంగ్లీషు బోధకుడు 1609లో, ఆమ్‌స్టర్‌డామ్‌లో. శిశు బాప్తిస్మం చెల్లదని నమ్మి, సరైన బాప్తిస్మం ఇవ్వగల సంఘం తన చుట్టూ లేదనుకుని, ముందు తనకు, ఆ తర్వాత తనతో ఉన్నవారికి ఇచ్చాడు. బాప్టిస్టు సంఘాల ఆరంభం గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి తప్పకుండా వస్తుంది. కొద్ది కాలానికే ఆయనకు అది సరికాదనిపించింది. అక్కడి మెన్నొనైట్లను, తమను చేర్చుకోమని అడిగాడు. మీరు ఇంట్లో ఒక్కరే రొట్టె తీసుకుంటానన్నప్పుడు నాకు ఆయనే గుర్తొచ్చాడు.

బాప్తిస్మాన్ని పెళ్లి ఉంగరంతో పోల్చడం ప్రసంగాల్లో తరచూ వింటాం. ఆ పోలిక నాకు అంతగా నచ్చదు. ఉంగరం ఎవరికి వారు కొనుక్కుని తొడుక్కోవచ్చు, ఇష్టం లేనప్పుడు తీసి సొరుగులో పడేయవచ్చు.

ఇప్పుడు ప్రభు బల్ల, అర్హత. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయంలో "అయోగ్యముగా" తినేవాడు అపరాధి అవుతాడన్న మాట ఎంతో మంది విశ్వాసులను బల్లకు దూరంగా ఉంచింది. ఆ వచనాన్ని ఒంటరిగా చదవకండి, పైనుంచి చదవండి. కొరింథులో జరుగుతున్నది ఏమిటి? కలిసి తినాల్సిన భోజనంలో కొందరు తమ భోజనం తాము ముందే తినేస్తున్నారు. ఒకడు ఆకలితో ఉన్నాడు, మరొకడు మత్తుగా ఉన్నాడు. లేనివారిని సిగ్గుపరుస్తున్నారు. పౌలుకు కోపం వచ్చింది అక్కడ. ఆయన చెప్పిన పరిష్కారం కూడా అలాంటిదే: "ఒకనికొరకు ఒకడు కనిపెట్టుకొని యుండుడి." పాపం లేనివారు మాత్రమే రావాలని ఆయన అనలేదు. ప్రతి మనుష్యుడు తనను తాను పరీక్షించుకోవాలి అన్నాడు, వెంటనే "ఆలాగుచేసి ఆ రొట్టెను తిని" అన్నాడు. పరీక్షించుకుని ఇంటికి వెళ్లిపొమ్మనలేదు.

మొదటి బల్లను తలచుకోండి. తెల్లవారకముందే మూడుసార్లు బొంకబోయే పేతురు అక్కడ కూర్చున్నాడు. మిగతావారు మరికొన్ని గంటల్లో పారిపోబోతున్నారు. ప్రభువుకు అదంతా తెలిసే రొట్టె విరిచి వారికిచ్చాడు.

మా సంఘంలో ఒక సహోదరి ఏళ్ల తరబడి రొట్టె పళ్లెం తన దగ్గరికి రాగానే ముట్టకుండా పక్కవారికి అందించేది. అందరూ ఆమెది గొప్ప వినయం అనుకునేవారు. అడిగితే "నేను అయోగ్యురాలిని అన్నయ్యా" అనేది. నిదానంగా మాట్లాడితే తేలింది ఏమిటంటే, రెండు వరుసల అవతల కూర్చునే తోటికోడలితో ఆస్తి పంపకాల నాటి నుంచి మాటల్లేవు. బల్ల తీసుకోకపోవడం ఆమెకు ఒక సౌకర్యంగా మారిపోయింది. బల్లను వదులుకుంటే తగాదాను వదులుకోనక్కర్లేదు. బలిపీఠం దగ్గర అర్పణ విడిచి ముందు సహోదరునితో సమాధానపడమని ప్రభువు చెప్పిన మాట ఇద్దరం కలిసి చదివాం. వచ్చే బల్లకు ముందే వెళ్లి మాట్లాడాలని ఒక గడువు పెట్టుకుంది. వెళ్లింది. అవతలి మనిషి తలుపు తీసింది గానీ సరిగా మాట్లాడలేదు. అయినా ఆ నెల ఈమె బల్ల తీసుకుంది, ఎందుకంటే తన వంతు తాను చేసింది. ఇప్పటికీ వాళ్లిద్దరూ ప్రాణస్నేహితులేమీ కాదు. పలకరింపులున్నాయి, పండుగకు రాకపోకలున్నాయి. ఆ మాత్రం జరగడానికి కూడా బల్లే కారణం.

మీకు "అర్హత రాలేదు" అనిపించడానికి కారణం ఇలాంటి ఫలానా విషయమేదైనా ఉంటే దాన్ని సరిచేసుకోండి. అలాంటిదేమీ లేకుండా ఊరికే లోలోపల కొరుకుతున్న భావమే అయితే, బల్లకు రావాల్సింది సరిగ్గా అలాంటి మనిషే. బహిరంగంగా, పశ్చాత్తాపం లేకుండా ఒక పాపంలో కొనసాగుతున్న వ్యక్తిని కొంతకాలం బల్లకు దూరంగా ఉండమని పెద్దలు చెప్పడం వేరే సంగతి. అది వాళ్లు మీ ముఖం చూసి చెబుతారు, మీరు ఊహించుకోనక్కర్లేదు.

రొట్టెలో ఏం జరుగుతుందన్న వాదన జోలికి ఎక్కువ వెళ్లను. 1529లో జర్మనీలోని మార్‌బుర్గ్‌లో సంస్కరణోద్యమ నాయకులు లూథర్, జ్వింగ్లీ కూర్చుని దాదాపు అన్ని అంశాల మీద ఏకీభవించి, "ఇది నా శరీరము" అన్న మాట దగ్గరే విడిపోయారు. మా సంప్రదాయం దాన్ని జ్ఞాపకార్థం అంటుంది. ఉత్త జ్ఞాపకమే అనడం నాకు చాలదు. అదే పౌలు దాన్ని క్రీస్తు రక్తంలో, శరీరంలో పాలుపుచ్చుకోవడం అని కూడా అన్నాడు. ఎన్నాళ్లకోసారి తీసుకోవాలన్న దానికి ఆజ్ఞ లేదు. కొన్ని సంఘాల్లో వారం వారం, కొన్నింటిలో నెలకోసారి. పులియని ద్రాక్షరసం చెల్లుతుందా అని కూడా కొందరు అడుగుతారు. 1869లో థామస్ వెల్చ్ రసాన్ని వేడి చేసి పులియకుండా నిలవ చేసే పద్ధతి కనిపెట్టింది ఈ బల్ల కోసమే. తాగుడు మానినవారు మా మధ్య ఉన్నారు కాబట్టి మేమూ అదే వాడతాం.

ఫోను ముందు కూర్చుని ఒక్కరే తీసుకోవడం. నా జవాబు: వద్దు. రొట్టె ఒక్కటే గనుక అనేకులమైన మనం ఒక్క శరీరం అంటాడు పౌలు. ఒక్కరే తింటుంటే ఆ "అనేకులు" ఎక్కడ? ఇంచుమించు 155లో జస్టిన్ మార్టిర్ అనే క్రైస్తవ రచయిత రోమా చక్రవర్తికి రాసిన విన్నపంలో ఆదివారపు కూడికను వర్ణిస్తూ, రాలేకపోయినవారికి పరిచారకులు వారి భాగాన్ని తీసుకెళ్లి ఇస్తారని చెప్పాడు. కూడికలో విరిచిన రొట్టె అక్కడి నుంచి ఇంటికి నడిచి వెళ్లేది. మేమూ అలాగే చేస్తాం. మంచం పట్టిన ఒక పెద్దాయన మింగలేకపోతే, గోరంత రొట్టె ముక్కను రసంలో నానబెట్టి ఆయన కుమార్తె పెదవుల దగ్గర పెట్టింది. మిగతా రొట్టె అక్కడున్న మేమందరం తీసుకున్నాం. మీకు అనారోగ్యమో, ఆదివారం సెలవు లేని ఉద్యోగమో ఉంటే మొహమాటపడకుండా సంఘానికి చెప్పండి, వాళ్లే రావాలి. కేవలం ఇంట్లో హాయిగా ఉంటుందనే అయితే, ఆ హాయిని వదులుకోవడం కూడా శిష్యత్వంలో భాగమే.

మీరు అడగలేదు గానీ, ఇది చదివేవారిలో పసితనంలో బాప్తిస్మం పొందినవారు ఉండవచ్చు. ఇక్కడ సంఘాలు నిజంగానే రెండుగా చీలి ఉన్నాయి. 1525 జనవరిలో జ్యూరిక్‌లో కొందరు విశ్వాసులు పెద్దయ్యాక బాప్తిస్మం తీసుకుంటే, రెండేళ్లకు వారిలో ఒకరైన ఫెలిక్స్ మాంజ్‌ను నదిలో ముంచి చంపారు. మరోవైపు 1982లో లిమాలో ప్రపంచ సంఘాల మండలి వెలువరించిన పత్రం, తిరిగి బాప్తిస్మం ఇచ్చినట్టు కనిపించే ఏ పద్ధతీ కూడదంటుంది. నేను విశ్వాసుల బాప్తిస్మాన్నే నమ్ముతాను. అయినా మీ తల్లిదండ్రుల సంఘాన్ని తూలనాడుతూ మా దగ్గరకు వస్తే, ముందు ఆ కోపం చల్లారాక రమ్మంటాను. ఇంకో సందేహం: బాప్తిస్మమిచ్చిన కాపరి తర్వాత దారి తప్పితే అది చెల్లదా? చెల్లుతుంది. అలాంటి బాప్తిస్మం చెల్లదన్న దొనాతిస్టులతో వాదంలో, తొలినాటి వేదాంతి ఆగస్టీన్ తేల్చి చెప్పింది ఇదే: ఇచ్చేవాడు క్రీస్తు, కాపరి చేయి మాత్రమే.

కొన్ని జాగ్రత్తలు. బాప్తిస్మానికి డబ్బు అడిగేవారి దగ్గర తీసుకోవద్దు. మొదటి కూడికలోనే చేయి పట్టి నీళ్లలోకి లాగేవారి దగ్గరా వద్దు. తర్వాత మిమ్మల్ని ఎవరు పలకరిస్తారు, ఎవరితో కలిసి వాక్యం చదువుతారు అన్న ప్రశ్నకు జవాబు లేని చోట తొందరపడకండి.

మీ విషయంలో నేనైతే ఇలా చేస్తాను. వచ్చే ఆదివారం ఫోను కట్టేసి సంఘానికి వెళ్లండి. కూడిక అయ్యాక కాపరినో, ఒక పెద్దనో పక్కకు పిలిచి, ఇక్కడ రాసినదే వారికి చెప్పండి, ఆ చివరి వాక్యంతో సహా. పాఠాలు ఎప్పుడు మొదలవుతాయో అడగండి. తేదీ ఖాయమయ్యాక, తడిస్తే ఒంటికి అంటుకోని ముదురు రంగు బట్టలు ఒక జత, ఒక తువ్వాలు సిద్ధం చేసుకోండి. నీళ్లంటే భయం ఉంటే దాచకుండా ముందే చెప్పండి. అలాంటివారికి మేము ఇద్దరం చెరోవైపు నిలబడతాం.